పాతపేటలో రాజుగారి నిద్ర

అనగనగా మణిధరుడని ఒక రాజుగారు. ఆయన నగరం ఎంత పెద్దదంటే, తూర్పు ద్వారం దగ్గర వాన కురుస్తుంటే పడమటి ద్వారం దగ్గర వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళు. ఆ నగరం నడిబొడ్డున పాతపేట ఉండేది. నగరం పుట్టకముందే పుట్టిన పేట. వీణలు చేసేవాళ్ళూ, అత్తరు తీసేవాళ్ళూ, తోలుబొమ్మలు ఆడించేవాళ్ళూ అందరూ అక్కడే. రాజుగారు మాత్రం ఒక్కనాడూ అటు వెళ్ళలేదు. మేడ మీంచి ఆ పెంకుటిళ్ళు చూసి, "బాగున్నాయి" అని లోపలికి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు కొలువుకి నిశాకేతుడనే మాంత్రికుడు వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా నిలబడే ఉన్నాడు. రాజుగారు "ఎవరు? ఏం పని?" అన్నారే గాని "కూర్చో" అనలేదు. మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది.

"నన్ను ఇంతసేపు నిలబెట్టావు. ఇక నీకు నడుం వాల్చే యోగం లేదు, పో!" అని చిటికెడు బూడిద ఊదాడు. రాజుగారి కళ్ళలోంచి నిద్ర సన్నగా, తెల్లగా లేచి వచ్చింది. మాంత్రికుడు దాన్ని ఓ చిన్న బుడ్డిలో పట్టి మూత పెట్టి మాయమయ్యాడు.

అంతే, ఆనాటి నుంచి రాజుగారికి కంటి మీద కునుకు లేదు. పట్టుపరుపు వేశారు, నిద్ర రాలేదు. వేడిపాలు ఇచ్చారు, నిద్ర రాలేదు. రాణిగారు జోల పాడింది, పాపం ఆవిడే నిద్రపోయింది. "ఈ పున్నమి లోపల నిద్ర పట్టకపోతే ప్రాణం దక్కదు" అని వైద్యులు చేతులెత్తేశారు. ఆ మాంత్రికుడు ఉండేది పాతపేటలో, ఏడో వీధిలో అని వేగులవాళ్ళు కనుక్కుని వచ్చారు. ఏ ఇల్లో మాత్రం వాళ్ళకి అంతుబట్టలేదు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రచండవర్మ, రెండోవాడు వేగవర్మ, మూడోవాడు సుముఖుడు. ఏడు సముద్రాలు దాటారా అని అడుగుతారేమో. లేదర్రా, ఏడు వీధులే. కాని ఏడు సముద్రాలు దాటడమే తేలిక. సముద్రం మీద ఎవరూ పిలిచి కూర్చోబెట్టరు కదా!

ముందు ప్రచండవర్మ గుర్రమెక్కి వెళ్ళాడు. మొదటి వీధిలో ఓ అరుగు మీంచి ఒకమ్మాయి, "రండి, కూర్చోండి" అంది. "తీరిక లేదు!" అని గుర్రాన్ని అదిలించాడు. సాయంత్రమైనా తిరిగి రాలేదు. మర్నాడు వేగవర్మ వెళ్ళాడు. ఆ అమ్మాయే, ఆ మాటే. "తీరిక లేదు!" అని వాడూ దూసుకుపోయాడు. వాడూ తిరిగి రాలేదు.

మూడోనాడు సుముఖుడు కాలినడకన బయల్దేరాడు. వాడికి మొదట్నుంచీ నిదానం. ఇంట్లో అందరూ వాణ్ణి సోమరి అనేవాళ్ళు. పాతపేట గుమ్మం దాటగానే వాడికి కలలో నడుస్తున్నట్టే అనిపించింది. ఓ కిటికీలోంచి తీగ మీటిన చప్పుడు, ఓ వాకిట్లోంచి తడిసిన వట్టివేళ్ళ వాసన, గోడల మీద వెలిసిపోయిన ఏనుగులు, నెమళ్ళు. ప్రతి ఇంటికీ అరుగు. ప్రతి అరుగు పైనా పంజరంలో ఓ చిలక.

"రండి, కూర్చోండి" అంది ఆ అమ్మాయి. పేరు విరజ. వీణలు చేసే బ్రహ్మలింగాచారి కూతురు. "ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగుదురు గాని."

"రండి, కూర్చోండి" అంది పైనున్న చిలక.

సుముఖుడు కూర్చున్నాడు. లోపల్నుంచి ఆచారి వీణ చేసే పనసచెక్కని తెచ్చి వేలితో తట్టి, "విను నాయనా, దీన్లో పాట ఉందా?" అని అడిగాడు. సుముఖుడు చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. "ఏదో చిన్నగా గొణుగుతోందండీ" అన్నాడు. ఆచారి ముఖం వెలిగిపోయింది.

అంతలో వీధిలో గుర్రం డెక్కల చప్పుడు. చూస్తే ప్రచండవర్మ!

"అన్నయ్యా, ఆగు!"

"ఆగలేనురా, తొందరలో ఉన్నా!" అంటూ ముందుకు వెళ్ళిపోయాడు. ఇంకాసేపటికి మళ్ళీ మొదట వచ్చిన వైపు నుంచే వచ్చాడు. వెనకే వేగవర్మ.

"మొన్నటి నుంచి ఒకరు, నిన్నటి నుంచి ఒకరు ఇలాగే తిరుగుతున్నారు" అంది విరజ. "ఆ మాంత్రికుడు వీధులకి కట్టు కట్టాడు. తొందరపడేవాళ్ళకి ఈ వీధులు తెగవు."

సుముఖుడు సగం మజ్జిగ తాగి, మిగతాది అరుగు కింద పడుకున్న ముసలి పిల్లికి పోశాడు. పిల్లి మూతి తుడుచుకుని మాట్లాడింది.

"అబ్బాయ్, మజ్జిగ పోశావు గనక చెబుతున్నా. ఆ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలకని ఈ పేట చిలకల్లోనే దాచాడు. ఏదో తెలిస్తే ఎప్పుడో పలహారం చేసేదాన్ని. గడపకో చిలకాయె, ఎన్నని తినను?"

పిల్లి ముందు నడుస్తుంటే సుముఖుడు వెనక నడిచాడు. అత్తరు వీధిలో దస్తగిరి తాత పిలిచాడు. "రా బేటా, కూర్చో." మణికట్టు మీద ఓ చుక్క అద్ది, "ఏం కనిపించింది?" అన్నాడు.

సుముఖుడు కళ్ళు మూసుకున్నాడు. "మొదటి వాన. మా అమ్మ తడిసిన కొంగు."

తాత నవ్వాడు. "అత్తరు చూడాలంటే కళ్ళు మూసుకోవాలి. ఆ నిశాకేతుడు ఓనాడు వచ్చి ఖాళీ బుడ్డి కావాలన్నాడు. ఒక్క చుక్క వాసన చూడమన్నా, నిలబడే తీసుకుని నిలబడే పోయాడు. కళ్ళు మూయడమంటే వాడికి భయం బేటా. ఎవరైనా చిలకని ఎత్తుకుపోతారని."

ఆరో వీధిలో తోలుబొమ్మల నాగులమ్మ పిలిచింది. తెర వెనక కూర్చోబెట్టి ఓ బొమ్మ చేతికిచ్చింది. దీపానికి అడ్డం పెడితే బొమ్మ ఒంటినిండా రంగులు పాకాయి. సుముఖుడు పసివాడిలా మురిసిపోయాడు.

"వాడి ఇల్లా నాయనా?" అంది నాగులమ్మ. "వచ్చిన కొత్తలోనే అరుగు కొట్టించేసి గోడ లేపాడు. ఎవరూ కూర్చోకూడదంట! మేమూ పిలవడం మానుకున్నాం. ఇప్పుడు మాయతో అన్ని ఇళ్ళలాగే కనపడేట్టు చేశాడు. మాకే గుర్తుపట్టడం చేతకావడంలా."

సుముఖుడు ఆలోచనలో పడ్డాడు. "అమ్మా, ఇక్కడి చిలకలన్నీ ఒకటే మాట అంటాయేం?"

"ఇంట్లో రోజూ వినే మాటే కదయ్యా అవి పలికేది. మేం పొద్దస్తమానం అనేది అదే."

సుముఖుడు చటుక్కున లేచాడు. ఏడో వీధిలో ఒక్కో గడప ముందూ ఆగాడు. "రండి, కూర్చోండి." "రండి, కూర్చోండి." ఏ చిలక చూసినా అదే పిలుపు. వీధి చివర ఓ చక్కని ఇల్లు. చక్కని అరుగు, అరుగు మీద ముగ్గు, పైన నిగనిగలాడే చిలక.

"ఎవరు? ఏం పని? పో!" అంది చిలక.

సుముఖుడు అరుగు మీద చెయ్యి వేశాడు. చెయ్యి పొగలో పెట్టినట్టు లోపలికి దిగిపోయింది. వెంటనే పంజరం తెరిచి చిలకని పట్టుకున్నాడు. లోపల్నుంచి నిశాకేతుడు గుండె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నిద్రలేక వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నాకిచ్చెయ్ అబ్బాయ్!" అంది పిల్లి లొట్టలేస్తూ.

సుముఖుడి అరచేతిలో చిలక వణికిపోతోంది. వాడికి జాలేసింది.

"మా నాన్నగారి నిద్ర ఇచ్చెయ్. వీధుల కట్టు విప్పు. నీ ప్రాణం తియ్యను. కాని ఈ చిలక ఇక నీ దగ్గరుండదు. విరజ అరుగు మీద ఉంటుంది."

మాంత్రికుడు కట్టు విప్పి బుడ్డి ఇచ్చాడు. మొదటి వీధిలో అన్నలిద్దరూ గుర్రాల మీంచి ధబ్బున కిందపడ్డారు. విరజ వాళ్ళని లేపి మజ్జిగ ఇచ్చింది. ఈసారి కూర్చునే తాగారు.

పున్నమినాటి సాయంత్రం సుముఖుడు రాజుగారి పరుపు పక్కన బుడ్డి మూత తీశాడు. నిద్ర తెల్లగా బయటికొచ్చింది. పట్టుపరుపు చూసింది, పాలగిన్నె చూసింది, కిటికీలోంచి బయటికి సాగిపోయింది!

"నాన్నగారూ, లేవండి, దాని వెనకే పోదాం" అన్నాడు సుముఖుడు. రాజుగారు చెప్పులైనా లేకుండా కొడుకు భుజం పట్టుకుని నడిచారు. నిద్ర ముందు, వాళ్ళు వెనక. అది పాతపేట గుమ్మం దాటి, బ్రహ్మలింగాచారి అరుగు మీద వాలి ఆగింది. అక్కడ కొత్త చిలక ఉంది. ఎదురుగా వీధిలో నిశాకేతుడు నిలబడి ఉన్నాడు. ప్రాణం ఇక్కడుంటే మరి ఎక్కడికి పోతాడు?

చిలక తల వంచి రాజుగారిని చూసింది. "ఎవరు? ఏం..." అని ఆగింది. పక్క పంజరంలోని చిలకని చూసింది. "రండి" అంది నెమ్మదిగా. "రండి, కూర్చోండి."

రాజుగారు కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన సింహాసనం కాని చోట కూర్చోవడం అదే మొదలు. చెక్కల వాసన వచ్చింది, ఎక్కడో తీగ మోగింది. నిద్ర మాత్రం అంగుళం జరగలేదు. చందమామ పెంకుల మీదికి వచ్చేస్తున్నాడు.

అప్పుడు రాజుగారి చూపు మాంత్రికుడి మీద పడింది. ఆనాడూ ఇలాగే నిలబడ్డాడని గుర్తొచ్చింది. సిగ్గుతో ఆయన ముఖం కందిపోయింది. పక్కకి జరిగి, అరుగు మీద దుమ్ము తన ఉత్తరీయంతో దులిపారు.

"తప్పయింది నాయనా. రా, కూర్చో" అన్నారు.

నిశాకేతుడు అరుగు చివర ఒదిగి కూర్చున్నాడు. కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నిద్ర లేచి ఇద్దరి మధ్యకీ వచ్చింది. రాజుగారి తల గోడకి ఆనింది. మాంత్రికుడి తల రాజుగారి భుజానికి ఆనింది. ఇద్దరూ గురకపెట్టారు.

ఆచారి తట్టడం ఆపాడు. నాగులమ్మ డోలు పక్కన పెట్టింది. పేట పేటంతా గుసగుసల్లో మాట్లాడుకుంది. ఆ గుసగుసల్లోనే సుముఖుడు, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు. "ముందు మీ నాన్నగారు లేవనివ్వండి" అంది విరజ నవ్వు ఆపుకుంటూ.

ఆయన లేచారు, పెళ్ళి జరిగింది. ఏడు వీధుల్లోనూ ఏడు రోజులు వీణలు మోగాయి. నిశాకేతుడు స్వయంగా మట్టి తొక్కి తన ఇంటికి నిజమైన అరుగు కట్టుకున్నాడు. వాడి ప్రాణం మాత్రం విరజ వాకిట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరినీ నోరారా పిలుస్తూ ఉండేది. తండ్రి తర్వాత సుముఖుడు చాలాకాలం రాజ్యమేలాడు. వాడి కొలువులో అందరూ కూర్చునే మాట్లాడేవాళ్ళు.

కథ ఆ అరుగు మీదే కునుకు తీస్తోంది. చప్పుడు చెయ్యకుండా లేచి, కాళ్ళు కడుక్కుని, మీరూ పడుకోండి.