సుక్రి పొమ్మన్న పండగ

అనగనగా ఒక ఊళ్ళో కాదు బుజ్జీ, అనగనగా రెండూళ్ళు. అరకు కొండల్లో గెడ్డకి ఇటొకటి, అటొకటి. గెడ్డంటే కొండమీంచి పారే చిన్న వాగు.

ఇటు ఊళ్ళో సుక్రి ఉండేది, అటు ఊళ్ళో బుద్రి. ఇద్దరికీ ప్రాణస్నేహం. చైత్ర పండగొస్తే చాలు, అటు ఊరి ఆడవాళ్ళు గెడ్డ దాటి వచ్చేవాళ్ళు. ఒకరి నడుం చుట్టూ ఒకరు చెయ్యి వేసి, వరుస కట్టి థింసా ఆడేవాళ్ళు. వరుసకి ముందు సుక్రి, ఆమె పక్కన బుద్రి. కలిసి ఆడారంటే ఆ ఏటి గొడవలన్నీ పోయినట్టే. ఇక ఎవరూ ఎత్తకూడదు.

ఒక ఏడు ఏమైందంటే, అటు ఊరి ఆవులు వచ్చి ఇటు ఊరి చోడిచేను, అదే రాగిచేను, మేసేశాయి. మగవాళ్ళు కర్రలు పట్టుకున్నారు. ఆ కొట్లాటలో సుక్రి తమ్ముడి చెయ్యి విరిగింది. కొట్టింది బుద్రి మొగుడు.

ఆ తర్వాత పండగొచ్చింది. వాళ్ళు వస్తారో రారో అనుకున్నారు. వచ్చారు. బుద్రే ముందు నడిచొచ్చి చెయ్యి చాచింది. సుక్రి చేతులు కట్టుకుని నిలబడింది.

మళ్ళీ చాచింది. "కోపమైతే నన్ను తిట్టవే. వరుస మాత్రం తెంపకు," అంది. సుక్రి మొహం తిప్పుకుంది.

మూడోసారీ చాచింది. అప్పుడు సుక్రి, "నీ చెయ్యి నా ఒంటికి తగలనివ్వను. పో," అంది.

డప్పు ఆగిపోయింది. ముందు నిలబడే మనిషే అంతమాట అన్నాక ఇంకెవరు ఆడతారు? వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. వాళ్ళకోసం వండిన అన్నం అలాగే చల్లారిపోయింది.

ఆ తర్వాత రాకపోకలు పోయాయి. పిల్లనిచ్చుకోవడాలు పోయాయి. సుక్రి తమ్ముడి చెయ్యి అతుక్కుంది, మళ్ళీ నాగలి పట్టాడు. ఊళ్ళు మాత్రం అతుక్కోలేదు.

సుక్రి జుట్టు నెరిసింది. అప్పటికి పట్నంవాళ్ళు కొండలు చూడ్డానికి బస్సుల్లో వస్తున్నారు. వాళ్ళ ముందు ఆడమంటే ఆడింది. ఒకరోజు ఎవరో పట్నంపిల్ల ఫోటో కోసం నవ్వుకుంటూ వరుసలో దూరింది. సుక్రి ఆ పిల్ల నడుం చుట్టూ చెయ్యి వేసింది. వేసి, ఉన్నపళంగా ఆగిపోయింది. 'పేరైనా తెలీని పిల్లని పట్టుకున్నాను. బుద్రిని పొమ్మన్నాను,' అనుకుంది.

మర్నాడు పొద్దున్నే గెడ్డ దాటింది. బుద్రి అరుగు మీద ఎండకి కూర్చుని ఉంది. మొగుడు పోయాడు. తుంటి విరిగి నడకా పోయింది.

ఆ సంగతి తెలీక సుక్రి, "ఆడదాం రావే," అంది.

బుద్రి కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది తల్లీ. "నిరుటి దాకా ఆడేదాన్నే," అంది. "పండగ పండక్కీ గెడ్డ దాకా వచ్చి, నువ్వొస్తావేమోనని చూసేదాన్ని."

సుక్రి అరుగెక్కింది. పక్కన కూర్చుని, బక్కచిక్కిన ఆ నడుం చుట్టూ చెయ్యి వేసి ఏడ్చింది.

"మరి ఆడలేదా అమ్మమ్మా?"

లేదమ్మా. అరుగు మీద ఎండ పోయేదాకా అలా కూర్చున్నారు. అంతే.

కథ కంచి దారి పట్టింది,
కునుకు నీ కంటి తలుపు తట్టింది.