మాబున్ని సున్న

గుండ్రటి అట్టల్ని నాలుగేసి ముక్కలుగా కత్తిరించి, రంగులేసి, పిల్లలకు పావు అంటే ఏమిటో నేర్పడం దస్తగిరి సొంత తెలివి. జలాల్ తాత దగ్గర శిష్యరికం చేస్తూ, ఆ దర్గా బడిలోనే లెక్కలు చెప్పేవాడు. అట్టలు చూసిన వాళ్ళంతా మెచ్చుకునేసరికి మనిషి నేల మీద నిలవడం లేదు.

పరీక్ష పెట్టాడు. హడావిడిగా తానే చేత్తో పది బొమ్మలు గీసి, నకళ్ళు తీయించి పంచాడు. రంగు వేసిన ముక్క ఎంతో రాయాలి. పందొమ్మిది మందికి పదికి పది వచ్చాయి. మాబున్నికి సున్న. ఆ పిల్ల ఒక్క అక్షరం రాయలేదు.

"దీన్ని ఒకటో తరగతిలోకి దింపుతా తాతా" అన్నాడు దస్తగిరి, కాగితాలు చూపిస్తూ. "దింపితే వాళ్ళమ్మ బడి మానిపించి పత్తిచేలోకి తోలుకుపోతాదంట. నేనేం చేసేది? దాని బుర్రకు ఎక్కదు."

తాత వంటశాలలోంచి జొన్నరొట్టె ఒకటి పట్టుకుని తరగతిలోకి వెళ్ళాడు. అందరూ చూస్తుండగా నాలుగు ముక్కలు చేశాడు. మూడు అరచేతులంత ఉన్నాయి. నాలుగోది గోరంత. ఆ గోరంత ముక్క ఎత్తి చూపాడు.

"ఇదెంత?"

"పావు!" పందొమ్మిది గొంతులు ఒక్కసారే లేచాయి.

పెద్ద ముక్క ఎత్తాడు. "ఇది?"

"పావు!"

వెనకే వచ్చిన దస్తగిరి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ తాను నేర్పింది ఇదా?

మాబున్ని మాత్రం నోరు మెదపలేదు. తాత ఆమె ముందు కూర్చున్నాడు.

"నువ్వు చెప్పవేం తల్లీ?"

"ముక్కలు సమంగా ల్యావు గదా తాతా. పావు ఎట్లయితాది?"

"మరి పరీక్షలో ఎందుకు రాయలేదు?"

"అవీ సమంగా ల్యావు. సారు మళ్ళా సరిగ్గా గీసిస్తాడని కాచుకోనుంటి. అంతలోకే కాగితాలు తీసుకున్నారు."

దస్తగిరి గబగబా ఆ కాగితం తీసి చూశాడు. పది బొమ్మలూ వంకరే. ఒక్కదాంట్లోనూ గీత నడిమధ్యకు రాలేదు. గీసింది తానే, దిద్దింది తానే, ఇరవై సార్లు కళ్ళ ముందునుంచి పోయినా చూడలేదు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎర్ర పెన్సిల్ తీసి, మాబున్ని సున్నను కొట్టేయబోయాడు.

తాత అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సున్న ఉండనీ నాయనా. కాగితం మీద పేరు మార్చు."