విస్సన్న మంత్రి పొయ్యి ఆర్పిన కథ

"అడవి తరిగిపోతోంది, కట్టెల బండ్లు సగానికి సగం తగ్గిపోయాయి. ఏం చేస్తే బాగుంటుందో సాయంత్రంలోగా తలా ఒక అభిప్రాయం చెప్పండి. నచ్చినదాన్ని రేపే చాటింపు వేయిస్తాను. చెప్పినవాళ్లకు ఈ కంకణం!"

ఎర్రభూపతి మహారాజు చేతి కంకణం తీసి పక్కన పెట్టేసరికి మందారగిరి కొలువంతా కలకలలాడింది. ఆ కొలువులో దేనికి కరువొచ్చినా అభిప్రాయాలకు మాత్రం ఏనాడూ రాలేదు మరి!

ఒకాయన లేచి, ఇళ్లకు కిటికీలు పెద్దవి పెడితే దీపాల ఖర్చు తగ్గుతుందన్నాడు. పక్కాయన ఊరుకుంటాడా? కిటికీలు పెద్దవైతే చలి దూరుతుంది, చలి దూరితే నెగళ్లు పెరుగుతాయన్నాడు. తప్పంతా బళ్లదేనని మూడో ఆయన తేల్చేశాడు. పిల్లలకు ఎక్కాలు మాన్పించి పొదుపు నేర్పాలట. ఎంత పొదుపో కొలవడానికి ఎక్కాలు కావాలి కదా అని ఎవరో అడిగితే, ఆయన కోపం తెచ్చుకుని కూర్చున్నాడు.

రాజుగారి పక్కన వెండి పళ్లెం పట్టుకుని నిలబడ్డ చెన్నప్ప అన్నీ వింటున్నాడు. కొలువులో తాంబూలాలు చుట్టి అందించడం అతని పని. ఆ రోజు చేతులు ఆకులు చుడుతున్నాయి గానీ మనసు ఇంటి దగ్గరే ఉంది. కూతురు పురిటికొచ్చింది. పసిగుడ్డు పుట్టి వారమైనా కాలేదు.

అంతలో విస్సన్న మంత్రి ఉత్తరీయం సర్దుకుంటూ హడావిడిగా వచ్చాడు.

"క్షమించాలి ప్రభూ! స్నానానికి నీళ్లు కాగడం ఆలస్యమైంది."

వచ్చినవాడు కూర్చోనైనా లేదు. సంగతి తెలియగానే గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది ప్రభూ? ఊరికి ఒక్కపూటే పొయ్యి. పొద్దున్నే వండుకోవాలి, ఆర్పేయాలి. ఆ తర్వాత ఏ ఇంటి మీద పొగ కనబడినా భటులు వెళ్లి ఆ పొయ్యి పగలగొట్టాలి. జనానికి సుఖాలు ఎక్కువైపోయాయి!"

చెన్నప్ప ఉండబట్టలేక అడిగేశాడు.

"మంత్రిగారూ, మరి బాలింతల మాటేమిటండీ? సాయంత్రం తల్లికీ బిడ్డకూ వేడినీళ్లు పొయ్యాలి కదండీ?"

"చన్నీళ్లు పొయ్యండి. ఒళ్లు గట్టిపడుతుంది. నీకెందుకురా ఈ రాచకార్యాలు? నీ ఆకులు నువ్వు చుట్టుకో."

"భేష్! ఇది బాగుంది," అన్నాడు రాజు. చెయ్యి కంకణం మీదికి వెళ్లింది.

రేపు చాటింపు పడిందంటే ఇంట్లో నీళ్లపొయ్యి మూతపడ్డట్టే. చెన్నప్ప గబగబా ముందుకొచ్చాడు.

"ప్రభూ! ఇంత గొప్ప అభిప్రాయానికి ఉత్త కంకణమేనా? పెద్ద తాంబూలం ఇప్పించండి."

పెద్ద తాంబూలమంటే మాటలా! సేనాపతులకూ దళవాయిలకూ తప్ప దక్కేది కాదు. విస్సన్నకు ఎన్నాళ్లనుంచో దాని మీద కన్నుంది. రాజు సరేననగానే చెన్నప్ప గుప్పెడు తమలపాకులు పరిచి, సున్నం రాసి, వక్కలూ లవంగాలూ దట్టించి పిడికిలంత చుట్ట చుట్టాడు. విస్సన్న మీసం మెలేసి, దాన్ని అమాంతం నోట్లో కుక్కుకున్నాడు. రెండు బుగ్గలూ బూరెల్లా పొంగాయి.

అప్పుడు చెన్నప్ప చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఈ కొలువులో పెద్ద తాంబూలం పుచ్చుకున్నవాడే ఆ పనికి ముందు నడవాలి. చెరువు గండి పూడ్చడానికి పుచ్చుకున్న దళవాయిగారు మొదటి తట్ట మట్టి తన నెత్తినే మోశారు. కాబట్టి ఊళ్లో మొదట ఆరే పొయ్యి మంత్రిగారిదే. భటుల్ని పంపించమంటారా?"

విస్సన్న కళ్లు తేలేశాడు. మాట్లాడదామంటే నోరు నిండా రసం. రాజు ఎదుట ఉమ్మితే తల ఉండదు. రెండు చేతులూ గాల్లో ఊపాడు. చెన్నప్ప వెంటనే అర్థం చెప్పాడు.

"రెండంటున్నారు ప్రభూ. వంటపొయ్యీ, నీళ్లపొయ్యీ రెండూ ఆర్పేయమంటున్నారు."

విస్సన్న తల అడ్డంగా తిప్పాడు.

"ఒక్కపూట కూడా వద్దట! మొత్తానికే మానేస్తారట."

విస్సన్న చేతులు జోడించాడు.

"ఇంత గౌరవం ఇచ్చినందుకు దండం పెడుతున్నారు."

రాజుగారి మీసాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటూ ఆయన కూడా ఒక మాట కలిపాడు.

"మరి చన్నీళ్ల స్నానమో?"

విస్సన్న నిలువెల్లా వణికాడు.

"చూశారా ప్రభూ, అప్పుడే ఒళ్లు గట్టిపడుతోంది!"

ఇక విస్సన్న వల్ల కాలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఆకూ వక్కా రసమూ కలిపి గుటుక్కున మింగేశాడు. మింగి, కేక పెట్టాడు.

"అయ్యో ప్రభూ! నేను చెప్పింది ఊళ్లోవాళ్ల పొయ్యిల గురించి! నా పొయ్యి గురించి కాదు!"

ఆ మాట ఎలా వచ్చిందో విస్సన్నకు కూడా వినబడింది కాబోలు, మెల్లగా తల దించుకున్నాడు. అంతే, సభంతా ఒక్కసారిగా గొల్లుమంది.

రాజు కళ్లు తుడుచుకుని కంకణం తీసి చెన్నప్ప చేతికి తొడిగాడు.

"చాటింపు లేదు. కట్టెల పొదుపు మా కోట వంటశాల నుంచే మొదలవుతుంది. నీకు ఇంకేం కావాలో అడుగు."

"సాయంత్రం మా ఇంటి నీళ్లపొయ్యి ప్రభూ. ఇంట్లో బాలింత ఉంది."

"మనవడా, మనవరాలా?"

"మనవరాలండి."

"అయితే ఆ పొయ్యి జోలికి ఎవరొస్తారో నేనూ చూస్తాను!" అని రాజు సభవైపు తిరిగాడు. "సరే, ఇళ్ల గురించీ బళ్ల గురించీ ఇందాక ఎవరో ఏదో అన్నారే? ఎవరు వాళ్లు?"

చెన్నప్ప వినయంగా ఇంకో పెద్ద తాంబూలం చుట్టి, పళ్లెం ముందుకు చాపాడు.

కిటికీలాయనా, చలాయనా, బళ్లాయనా ముగ్గురూ ఒకేసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మాకు ఆకు పడదు ప్రభూ!"