పెద్దవీధిలో డప్పు

ఆదిశేషయ్య మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరైనా పెద్ద ప్రశ్న తీసుకొస్తే, చెప్పులు వేసుకుని, "నాకు బయట పనుంది, నడుస్తా మాట్లాడుకుందాం రా" అనేవారు. నడక పూర్తయ్యేసరికి అడిగినవాడు తన ప్రశ్ననే మార్చుకునేవాడు. హైస్కూల్లో ఆయన దగ్గర సాంఘిక శాస్త్రం చదువుకున్నవాళ్ళు, తల నెరిసిన తరవాత కూడా, ఆదివారం పొద్దున ఆయన వరండాలో చేరేవారు. మురహరి వాళ్ళలో ఒకడు.

మురహరిది చిన్న పార్టీ. రెండుసార్లు మునిసిపల్ ఎన్నికల్లో నిలబడి రెండుసార్లూ డిపాజిట్ పోగొట్టుకున్నాడు. ఊళ్ళో ఒక వాడుక ఉంది. దళితవాడలో ఎవరైనా చనిపోతే శవాన్ని శ్మశానానికి పెద్దవీధి గుండానే తీసుకుపోవాలి, వేరే దారి లేదు. ఆ వీధి మొదట్లో డప్పులు ఆపేసి చంకన పెట్టుకోవాలి, వీధి దాటాక మళ్ళీ కొట్టుకోవాలి. ఏ వీధిలోనూ ఎవరి డప్పూ ఆగకూడదన్నది మురహరి పార్టీ మొట్టమొదటి మీటింగులో చేసిన తీర్మానం. ఈసారి కరపత్రంలో అది లేదు. దాని చోట "అన్ని సంప్రదాయాలనూ గౌరవిస్తాం" అని వేయించాడు. అతని వార్డులో దళితవాడా ఉంది, పెద్దవీధీ ఉంది.

ఆ ఆదివారం వరండాలో అతను అడిగింది ఇదే.

"మాస్టారూ, పార్టీలు మెత్తబడి గెలుస్తాయా, సిద్ధాంతం మీద గట్టిగా నిలబడి గెలుస్తాయా? గట్టిగా నిలబడి ఏమైందో రెండుసార్లు చూశాను. గెలవకపోతే సిద్ధాంతం కాగితం మీదే ఉంటుంది. దాన్ని నమ్మినవాళ్ళకి నేనేం చేసిపెట్టినట్టు?"

అతను నిజాయితీగానే అడిగాడు. మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

"రవణమ్మ పోయిందంట. చూసొద్దాం రా" అన్నారు.

రవణమ్మ దళితవాడ మనిషి. మురహరి పార్టీ పెట్టిన రోజు నుంచీ ప్రతి మీటింగుకీ వచ్చి ముందు వరసలో కూర్చునేది. మురహరి కూతురు చిన్నప్పుడు మీటింగుల్లో నిద్రపోయింది ఆమె ఒళ్ళోనే. వీళ్ళు వెళ్ళేసరికి ఇంటి ముందు పాడె సిద్ధమవుతోంది. కాస్త పక్కగా రవణమ్మ తమ్ముడు పెంచలయ్య గడ్డి మంట వేసి డప్పు కాస్తున్నాడు. చర్మం వేడెక్కి బిగిస్తేనే డప్పు పలుకుతుంది. మురహరిని చూసి లేచి వచ్చాడు.

"అన్నా, మా అక్క అందరికీ చెప్పుకునేది. నా పాడె పెద్దవీధిలో డప్పుతోనే పోతది, మురహరి మాటిచ్చినాడు అని. నువ్వు ముందు నడువు. మేం కొడతాం. ఎవురూ ఏమనరు."

మురహరికి ఆ మాట ఇచ్చినట్టు గుర్తుంది. చాలా ఏళ్ళ కిందట, ఒక మీటింగు అయ్యాక, నవ్వుతూ ఇచ్చాడు.

"పెంచలయ్యా, పోలింగు వారంలో ఉంది. ఇప్పుడు గొడవైతే మొత్తం పోతుంది. నన్ను గెలవనీ. గెలిచినాక ఆ వీధిలో మనల్ని ఆపేదెవరు?"

"నువ్వు గెలిచేదాకా మా అక్క ఆగదు గదన్నా."

వెనక ఎవరో నవ్వారు. చావింట్లో నవ్వినందుకు వెంటనే తలవంచుకున్నారు. మురహరి మాస్టారి వైపు చూశాడు. ఆయన మంట దగ్గర నిలబడి డప్పు చర్మాన్ని చేత్తో తడిమి చూస్తున్నారు. ఆయన్నుంచి ఏ సాయమూ రాలేదు. అప్పుడు మురహరికి ఒక ఉపాయం తోచింది. తోచగానే ఎంతో తేలికపడ్డాడు కూడా.

"ఆపమని నేనెట్టా అంటాను? ఆపొద్దు. ఆ వీధి దాటేదాకా మెల్లగా కొట్టండి. మీ మాటా నిలుస్తుంది, వాళ్ళ మర్యాదా నిలుస్తుంది."

పెంచలయ్య డప్పును ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"మెల్లగా అంటే ఎంత మెల్లగన్నా? మా అక్కకి వినపడేంతా, వాళ్ళకి వినపడనంతా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాడె లేచింది. మురహరి ముందూ నడవలేదు, వెనకా నడవలేదు, పక్కగా నడిచాడు. డప్పుల మోతకి వాడ వాడంతా అదిరిపోయింది. పెద్దవీధి మలుపు తిరగగానే మోత తగ్గింది. కర్ర చర్మానికి తగిలీ తగలనట్టు, ఎవరో చాటుగా తలుపు తడుతున్నట్టు వినిపించింది. కొద్ది దూరం అట్లా నడిచాక పెంచలయ్య చెయ్యి ఆగిపోయింది. డప్పు చంకన పెట్టుకున్నాడు. అతన్ని చూసి మిగిలినవాళ్ళూ పెట్టుకున్నారు.

మురహరి గబగబా అతని పక్కకి చేరాడు. "ఏంది పెంచలయ్యా, నేను కొట్టమనే కదా అన్నాను."

"ఆపడం మాకు అలవాటేనన్నా. మెల్లగా కొట్టడం ఎప్పుడూ నేర్చుకోలా."

ఆ తరవాత వీధి పొడుగునా అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కార్యకర్త ఒకడు మురహరి కనిపించేట్టు, పాడె కనిపించేట్టు ఫోనులో వీడియో తీసుకుంటున్నాడు.

పెద్దవీధిలో దశరథరామిరెడ్డిది మొదటి మాట. ఆయన చెడ్డవాడని అనుకోనక్కరలేదు. పాడె తన ఇంటి ముందుకి వచ్చినప్పుడు లేచి నిలబడి చేతులు జోడించాడు. అది దాటిపోయాక మెట్లు దిగి వచ్చి మురహరి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు పెద్దమనిషివయ్యావయ్యా మురహరీ. ఈసారి డప్పు కొట్టే తీసుకుపోతారని మాకు తెలిసింది. పొద్దున్నే అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. కుర్రకారు ఎగిరారు. నేనే అన్నాను, కాలం మారిందిరా, పెద్దామె పోయింది, కొట్టుకోనీండి, తలుపులేసుకుని లోపల కూర్చుందాం అని. సరేనన్నారు. నువ్వొచ్చి ఇంత పద్ధతిగా సర్దుబాటు చేస్తావని ఎవరం అనుకోలేదు."

మురహరి ముందుకు సాగిపోతున్న పాడె వైపు చూశాడు.

"మా వీధి ఓట్లు ఇంక నీవే. ఎవరు వద్దంటారో నేను చూస్తాను" అని రెడ్డిగారు లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. కింద "అందరినీ కలుపుకుపోయే నాయకుడు" అని రాసిపెట్టారు. సాయంత్రం భోపాల్ నుంచి కూతురు సుమేధ ఫోను చేసింది. ఆ అమ్మాయి అక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దూరాన ఉన్న పిల్లలకి తండ్రి అంటే ఫోనులో వినిపించినంతే. మిగిలింది వాళ్ళే మంచిగా ఊహించుకుంటారు.

"నాన్నా, రవణమ్మత్త వీడియో చూశాను. ఏడుపొచ్చింది" అంది. మళ్ళీ తనే, "డప్పు వినపడటంలేదు నాన్నా. పెద్దవీధిలో కొట్టించావుగా? అది వినాలనే నాలుగైదుసార్లు పెట్టుకున్నాను. నా ఫోనులో తేడానా, తీసినవాళ్ళ ఫోనులోనా?"

"తీసినవాళ్ళ ఫోనులోనేనమ్మా."

"అట్టనా. ఇంకెవరన్నా తీసుంటే పంపించు. ఇక్కడ మా ఫ్రెండ్స్‌కి చూపిస్తాను."

"పంపిస్తాలే" అన్నాడు.

మురహరి గెలిచాడు. ఓడిపోయి ఉంటే అతనికి కొంత సుఖంగా ఉండేదేమో. పెద్దవీధి ఓట్లు పడ్డాయి. దళితవాడ ఓట్లు కూడా చాలావరకు పడ్డాయి, వాళ్ళకి మాత్రం ఇంకెవరున్నారు. ఊరేగింపు పెద్దవీధిలోకి వచ్చినప్పుడు బ్యాండు వాళ్ళు గట్టిగా వాయించారు. ఎవరూ ఆపమనలేదు. మురహరి జీపు దిగి, మెడలో దండలు తీసి డ్రైవరు చేతికిచ్చి, మాస్టారి ఇంటికి నడిచి వెళ్ళాడు.

మాస్టారు వరండాలో ఒక్కరే ఉన్నారు. మురహరి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. రెడ్డిగారు అన్న మాటలు చెప్పాడు. కూతురు అడిగింది చెప్పాడు, తను చెప్పిన జవాబూ చెప్పాడు. వీడియో కోసం ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉందనీ, ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాననీ చెప్పాడు.

"గెలవడానికి మెత్తబడాల్సిందే అని తేలింది మాస్టారూ. నా ప్రశ్నకి జవాబు వచ్చినట్టే" అన్నాడు. అతని గొంతులో గెలిచినవాడి బలం లేదు. "కానీ పెంచలయ్య ఎదురైతే పక్క సందులోకి తిరుగుతున్నాను. నేను ఆపమనలేదు. మీరు అక్కడే ఉన్నారు, మీరే విన్నారు. ఆపమనలేదు కదా?"

"అనలేదు. రెడ్డిగారూ అనలేదు" అన్నారు మాస్టారు.

తరవాత ఆయన అతని వైపు చూడకుండానే అన్నారు.

"ఆ వీధిలో డప్పు ఎవరు ఆపుతున్నారు అని అడిగితే, ఇన్నాళ్ళూ చెప్పడానికి మనకు ఎవరో ఒకరి పేరుండేది."