గొడ్డు చదువు

బుట్టలల్లే సన్యాసి కూతురు గవరమ్మ గురుకులంలో మూడేళ్ళు చెట్ల గురించీ పురుగుల గురించీ చదువుకుంది. ఆ చదువు కోసం సన్యాసి ఉన్న ఒక్క గేదెనూ అమ్మేశాడు. తీరా ఆమె ఉద్యోగం అడగడానికి వెళ్తే రాజుగారి కోశాధికారి విరూపాక్షయ్య పడీపడీ నవ్వాడు.

"ఆ గొడ్డు చదువుకు జీతం కూడానా? నా బొప్పాయి తోటలో పది గొడ్డు చెట్లున్నాయి. పూస్తాయి గానీ కాయవు. నీ చదువుకు అవే ఎక్కువ, తీసుకో."

"వాటి పూలు కూడా నావేనా అయ్యగారూ?"

"అన్నీ నీవే, పో!" అని నలుగురి ముందూ రాసిచ్చేశాడు.

మర్నాటి నుంచి గవరమ్మ రోజూ వచ్చి, ఆ పది చెట్ల పూలనూ మొగ్గలతో సహా కోసి బుట్టలో వేసుకుపోయేది. అది చూసి విరూపాక్షయ్య తెగ నవ్వుకునేవాడు.

రెండు నెలలు తిరక్కుండానే మిగతా చెట్ల పిందెలన్నీ రాలిపోయాయి. ఎరువులు వేయించాడు, శాంతి చేయించాడు, దిష్టిబొమ్మ కట్టించాడు. ఒక్క కాయ నిలిస్తే ఒట్టు. ఏటా రాజుగారికి బండెడు పళ్ళు పంపి మెప్పు కొట్టేసే మనిషాయె! చివరికి ఆ చెట్ల చదువు గుర్తొచ్చి గవరమ్మ ఇంటికి పరుగెత్తాడు.

"అవి గొడ్డు చెట్లు కావు అయ్యగారూ, మగ చెట్లు. వాటి పుప్పొడి అందితేనే మీ చెట్లకు కాయ నిలుస్తుంది."

"అయితే ఆ పూలు కోయడం ఆపెయ్యి తల్లీ!"

"ఆపేస్తాను. అవి చెట్టునే ఉంటే మీకెంత లాభమో మీరే లెక్కగట్టి, అందులో సగం నాకు జీతంగా ఇప్పించండి. పైన ఒక్క కాసు కూడా అడగను. ఎంతైనా గొడ్డు చదువు కదా!"