మూడు ముళ్ళ దొప్ప

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున మూడు ఊళ్ళు. పైన కొండమీద ఒకటి, నడిమిన చెరువు దగ్గర ఒకటి, కింద పల్లంలో వరిచేల మధ్య ఒకటి. ఊ కొట్టండర్రా, గోడకి చెప్తున్నానా నేను? ఆఁ, అలా.

కొండ ఊరి నూకాల్ని పల్లపు ఊరికి కోడలుగా ఇచ్చారు. పదేళ్ళ పిల్ల! ఆ రోజుల్లో అంతే, ఏం చేస్తాం. పుట్టింటికి పోవాలంటే మూడు రోజుల నడక, ఎవరు పంపుతారు? అందుకని వాళ్ళకో ఆచారం. తొలకరికి ఏట్లో కొత్తనీరు దిగగానే కొండ ఊరి తల్లులు అరటిదొప్పలో పసుపూ కుంకుమా, ఇంత చలిమిడీ, రెండు గాజులూ పెట్టి ఏట్లో వదిలేవారు. ఎవరి దొప్పకి వాళ్ళ దారం గుర్తు. నూకాలు వాళ్ళమ్మది మూడు ముళ్ళు. కింద రేవులో కూతుళ్ళు కాచుకుని కూర్చునేవారు. దొప్ప వచ్చిందా, అమ్మ బాగుంది. రాలేదా, ఇక అమ్మ లేనట్టే.

ఐదేళ్ళు దొప్ప వచ్చింది. గాజులు మాత్రం ఏటికేడాది బిగుతైపోతున్నాయి. పిల్ల ఎదిగిందని అమ్మకేం తెలుసు పాపం! తర్వాత మూడేళ్ళు దొప్ప లేదు. వాన పడితే ఎర్రనీళ్ళు ఒక్కరోజు విరుచుకుపడేవి, మూడోనాటికి ఏరంతా ఇసకే. నూకాలికి ముద్ద దిగేది కాదు. మామగారి మండువా ఇంట్లో పన్నెండు మద్దిమాను స్తంభాలు. ఒక స్తంభాన్ని వాటేసుకుని, అమ్మ ఉందో లేదో, అమ్మ ఉందో లేదో అని ఒకటే ఏడుపు.

ఏయ్, పడుకున్నావా? లే, అసలు కథ ఇప్పుడే.

ఓ పొద్దున్నే కొంగున అటుకులు మూటకట్టుకుని, అత్తకి చెప్పకుండా, ఏటి ఇసకలో పడి ఎగువకి నడిచింది. నడిచీ నడిచీ నడిచీ నడిమి ఊరు చేరింది. నీళ్ళెందుకు ఆపారయ్యా అని అడిగింది. మా చేతిలో ఏముంది తల్లీ, చెరువంతా ఎర్రమన్నుతో పూడిపోయింది, మిగిలిన నాలుగు చుక్కలకీ గట్టు కట్టుకున్నాం, పైవాళ్ళనడుగు అన్నారు.

మళ్ళీ నడిచింది. ఒకచోట ఒడ్డున రాతిమీద ఎండిన దొప్ప. మూడు ముళ్ళు! లోపల రెండు చిన్న గాజులు. ఇంకాస్త పైన ఇంకో దొప్ప, ఇంకా పైన ఇంకోటి. నీళ్ళు మోయనంటే ఆ తల్లే దొప్ప చేత పట్టుకుని, ఏటికేడాది ఇంకాస్త దూరం, కాళ్ళు సాగినంత మేర నడిచొచ్చి పెట్టి పోయిందర్రా! నూకాలు ఇక ఒకటే పరుగు.

కొండ ఊళ్ళో వాళ్ళమ్మ అరుగుమీద కూర్చుంది. చూపు ఆనదు. చెయ్యి తడిమి, ఈ చెయ్యి మా నూకాలిది కాదమ్మా, దానిది ఇంతే ఉంటుంది అంది. నూకాలు ఆ చిన్న గాజులు ఒళ్ళో పోసింది. ఇద్దరూ కావలించుకుని ఎంత ఏడ్చారో! ఏడుపయ్యాక అమ్మ ఒక దారం తెచ్చి, కూతురి మణికట్టుకి చుట్టి కొలిచి, కొంగున ముడేసుకుంది.

మరి కొండ? బోడిగుండు! చెట్లన్నీ ఎందుకు నరికారని ఊరిని నిలదీస్తే, మేమా? కిందవాళ్ళనడుగు అన్నారు. మొదట గొడ్డలి పడింది నీ పెళ్ళికేనే, మీ మామ పన్నెండు స్తంభాలడిగాడు. ఆ ఇల్లు చూసి వియ్యంకులంతా అడిగారు. కొండ బోడయ్యాక ఖాళీ ఎందుకని దున్ని తిండిగింజలకి చోళ్ళు చల్లాం. ఇప్పుడు మన్ను వానకి జారిపోతోంది, ఊట ఇంకిపోయింది అన్నారు.

నూకాలు వాటేసుకుని ఏడ్చిన స్తంభమే అమ్మని ఆపింది!

తిరిగొచ్చి అదే స్తంభం దగ్గర నిలబడి మామకి అంతా చెప్పేసింది. ఆయన ముందు గయ్యిమన్నాడు. కానీ తన వరీ మూడేళ్ళుగా ఎండుతోందిగా! మూడు ఊళ్ళనీ పిలిచి కూర్చోబెట్టాడు. కొండనెత్తిన దున్నకూడదు, ఆ చోళ్ళకి బదులు కిందవాళ్ళు వడ్లు పంపాలి, నడిమివాళ్ళు చెరువు మన్ను తవ్వి పొలాలకి తోలుకోవాలి, స్తంభానికి పది మొక్కలు చొప్పున కిందవాళ్ళే మోసి నాటాలి అని అంతా కలిసి ఒప్పుకున్నారు.

నాటగానే అయిపోయిందా? నీ కోసం చెట్టు తొందరపడుతుందా? నూకాలికి వరసగా పురుళ్ళు, మళ్ళీ పుట్టింటికి వెళ్ళడం పడనేలేదు. అమ్మ బాగుందని మొక్కలు మోసినవాళ్ళు చెప్పేవారు. చెప్తే సరిపోతుందేంట్రా? ఏటా తొలకరికి వెళ్ళి ఆ ఎండు రేవులో కూర్చునేది. అందరూ నవ్వేవారు. తొమ్మిదేళ్ళు కూర్చుంది.

పదో ఏడు తేటనీళ్ళు మెల్లగా వచ్చాయి, ఆగకుండా వచ్చాయి. నీళ్ళ మీద ఒక దొప్ప. మూడు ముళ్ళు. నూకాలు నడుంలోతు దిగి అందుకుంది. గాజులు తీసి వేసుకుంది.

చేతికి సరిగ్గా సరిపోయాయర్రా.

అందుకే ఇల్లు కట్టేముందు కొండకేసి ఓసారి చూడాలి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. నా కళ్ళా? వాటికేం కాలేదు గానీ, ఆ దీపం తగ్గించు.