ఒంటిగానా, కుటుంబంతోనా?

పాలవెల్లి రాజు జయసేనుడికి పన్ను నొప్పి పట్టుకుంది. అన్నం లేదు, నిద్ర లేదు, కొలువు లేదు. రాజవైద్యుడు ఆ పన్ను పీకి చేతిలో పెట్టాక గానీ దొరవారి ముఖాన నవ్వు రాలేదు.

నవ్వుతోపాటే ఒక ఆలోచన కూడా వచ్చింది.

“రాజునైన నాకే ఇంత అవస్థ అయితే, వైద్యుడికి ఇచ్చుకోలేనివాడి గతేమిటి? ఇకమీదట ప్రజలు మందుల కోసం కుండలో డబ్బు దాచుకోవచ్చు. ఆ డబ్బు మీద పన్ను లేదు!”

“ఒక పన్ను ఊడితే రెండో పన్నూ ఊడిందన్నమాట!” అన్నాడు కొమ్మన. కొలువులో పేరుపడ్డ మాటకారి అతడే. సభ గొల్లుమంది.

నవ్వనివాడు సుంకాల మంత్రి చామనామాత్యుడు ఒక్కడే. ఆయన అప్పటికే నియమాలు అల్లుతున్నాడు. ఒంటివాడికి ఒక కుండ, సంసారికి రెండు. మించితే పై కుండ ఖజానాకు. ఎవరు ఏదో తేల్చడానికి గుమస్తాలకు ఒక ప్రశ్న నేర్పాడు.

“ఒంటిగానా, కుటుంబంతోనా?”

అంతే. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. జవాబు ‘ఒంటిగా’ అయితే గుమస్తా గీత గీయాలి, గీత పడితే పై కుండ కోసం భటులు కదలాలి. “ఈ ప్రశ్న చిలక్కి నేర్పినా లెక్క తప్పదు!” అని మంత్రిగారు మీసం దువ్వుకున్నారు.

ఆ వారంలోనే, కోట వాకిట్లో తలపట్టుకుని కూర్చున్న నేతగాడు కొండన్న కొమ్మన కంటపడ్డాడు.

“ఏమయ్యా కొండన్నా, ఏమైంది?”

“మా రెండో కుండ పట్టుకుపోయారు బాబూ. మా ఇంటిదానికి నెలలు నిండాయి. మంత్రసానికని కూడబెట్టిన డబ్బు.”

“గుమస్తా నిన్నేమీ అడగలేదా?”

“అడిగాడు బాబూ, ‘ఒంటిగానా, కుటుంబంతోనా’ అని. నిండు చూలాలిని ఆ ఎండలో, కుండలు రాయించుకునే ఆ వరసలోకి ఎలా తీసుకెళ్తాను? ‘ఒంటిగానే’ అన్నాను.”

కొమ్మనకు నవ్వు తన్నుకొచ్చింది. కొండన్న కళ్ళలో నీళ్ళు చూసి, ఆ నవ్వుకు తనే సిగ్గుపడ్డాడు. తిన్నగా కొలువుకు నడిచి సంగతి విన్నవించాడు.

చామనామాత్యుడు పెదవి విరిచాడు. “రెండే రెండు మాటల ప్రశ్న ప్రభూ. దానికి తప్పు జవాబు చెప్పేవాడు మూర్ఖుడైనా కావాలి, అబద్ధాలకోరైనా కావాలి.”

రాజుకు సరదా పుట్టింది. “కొమ్మనా, రేపు సాయంత్రం విందు ముగిసేలోగా ఆ ప్రశ్నలో తప్పు చూపించు, కొండన్న కుండ ఇప్పిస్తాను. చూపించలేకపోయావా, నెల్లాళ్ళు మౌనవ్రతం!”

కొమ్మన నెల్లాళ్ళు పస్తుండమంటే ఉంటాడు గానీ, మౌనమా!

మర్నాడు సాయంత్రం విందు వాకిట్లో పన్నీరుబుడ్డి పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే సుంకపు గుమస్తాను కూర్చోబెట్టాడు. చామనామాత్యుడు పట్టు ఉత్తరీయం సవరించుకుంటూ వచ్చాడు.

“దయచేయండి అమాత్యా!” అంటూ కొమ్మన పన్నీరు చిలకరించాడు. “ఒంటిగానా, కుటుంబంతోనా?”

“ఒంటిగానేనయ్యా. ఆవిడ పిల్లలతో పుట్టింటికి వెళ్ళింది.”

గుమస్తా గీత గీశాడు. భటులు కదిలారు.

మంత్రిగారు రెండో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటుండగా, ఇద్దరు భటులు ఒక కుండ మోసుకుంటూ విందుశాలలోకి వచ్చారు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఇది మా ఇంటి మందుకుండ కదూ?”

“మీ రెండో కుండ అండీ,” అన్నాడు కొమ్మన వినయంగా. “ఒంటివాడికి ఒకటే చెల్లుతుంది. ఇది ఖజానాకు వెళ్తోంది.”

“నేను ఒంటివాణ్ణా! భార్య ఉంది, నలుగురు పిల్లలున్నారు!”

“ఒంటిగానే అని తమరే సెలవిచ్చారు.”

“ఓరి నీ తెలివి తగలెయ్య! అది విందుకు ఎలా వచ్చానన్న సంగతి! కుండ సంగతి కాదు!”

కొమ్మన చేతులు కట్టుకున్నాడు.

“కొండన్న కూడా ఆ ముక్కే అంటున్నాడండీ.”

 రాజుకు పాయసం పొలమారింది. దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, “అమాత్యా, మూర్ఖుడా, అబద్ధాలకోరా? తమరు ఏ లెక్కలోకి వస్తారు?” అన్నాడు.

చామనామాత్యుడు కుండకేసి చూశాడు, గుమస్తాకేసి చూశాడు. మీసం కింద ఆయనకూ నవ్వు ఆగలేదు. “సరేనయ్యా, ఓడిపోయాను. మరి ఎలా అడగమంటావు?”

“‘ఈ కుండ డబ్బుతో ఎవరెవరికి వైద్యం చేయిస్తావు?’ అని అడిగించండి. ఎండలో ఒంటిగా వచ్చినవాడు కూడా ఇంటిల్లిపాది పేర్లూ చెబుతాడు.”

రాజు అప్పటికప్పుడు ప్రశ్న మార్పించాడు. కొండన్న కుండతోపాటు, అలా పట్టుకొచ్చిన కుండలన్నీ ఇళ్ళకు చేర్చమన్నాడు. చేతి బంగారు కడియం తీసి కొమ్మన చేతికి తొడగబోయాడు.

“ప్రభూ, ప్రభూ!” అంటూ చామనామాత్యుడు విస్తరి ముందునుంచి లేచాడు. “కడియం తర్వాత తొడగవచ్చు, ముందు నా కుండ ఇప్పించండి. ఆవిడ రేపు పొద్దున్నే దిగుతోంది!”